నాయిన అప్పు, తమ్ముడి బాకీ

ఈ వారం ఉత్తరం ఒక డాక్టరమ్మది. దేవరకొండ దిక్కు ఒక పల్లెలో పుట్టి పెరిగారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. వయసు 34. పిల్లల వైద్యంలో ఎండీ అయింది. నవజాత శిశువుల వైద్యంలో డీఎం, అంటే ఎండీ తర్వాతి పైచదువు, హైదరాబాద్‌లో చివరి నెలల్లో ఉంది. ఆరు పేజీల ఉత్తరం. కుదించి చెప్తాను.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. "మంత్రసాని వీపు మీద చరుస్తనే ఉంది, నేను తలుపు సందులోంచి చూస్తనే ఉన్న" అని రాశారు. ఆ తమ్ముడికి ఇప్పుడు 26 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం. నడవలేడు. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లోవాళ్లకే అర్థమవుతుంది. డాక్టర్ కావాలని, అందులోనూ పుట్టిన పిల్లల మెదడు గురించే పనిచేయాలని ఆమె అనుకున్నది అందుకే.

నాయినకు అయిదెకరాల బత్తాయి తోట ఉండేది. తమ్ముడి వైద్యానికి రెండెకరాలు పోయాయి. ఈమె కోచింగులకు, హాస్టళ్లకు చేసిన అప్పు ఇంకా 9 లక్షలుంది, రెండు రూపాయల వడ్డీకి. భర్త మత్తు డాక్టరు. మామయ్యది మిర్యాలగూడ. మెయిన్ రోడ్డు మీద జాగా ఉంది, కొడుకూ కోడలూ అక్కడ పిల్లల ఆస్పత్రి పెట్టాలని ఆయన కోరిక. కోరికతో ఆగలేదు, రెండో అంతస్తు స్లాబ్ కూడా పోయించేశారట. ఇంతలో ఈమె గురువు ఒక పరిశోధన ఉద్యోగం ఉందన్నారు. మూడేళ్ల కాంట్రాక్టు, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందని పిల్లల మీద పని. జీతం ప్రైవేటులో వచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. భర్తను అడిగితే "నీ ఇష్టం" అన్నారు. నాలుగేళ్ల పాప ఉంది. అమ్మేమో ఒకే ఒక్క మాట అంది: "ఎన్ని సదివినా నీ తమ్ముడు లేసి నడుస్తడా బిడ్డా?"

ఉత్తరం అక్కడ అయిపోవాలి. కానీ సంతకం కింద, పెన్ను మార్చి, ఇంకో నాలుగు లైన్లు రాశారు. ఏడాది కింద కోస్గి దిక్కు నుంచి వచ్చిన ఒక తల్లిని, ఆమె బిడ్డను ఒక పరిశోధనలో చేర్చుకోవడానికి ఒప్పించారట. వేలిముద్ర వేస్తూ ఆ తల్లి "మంచిగైతదా మేడమ్?" అని అడిగింది. "అయితది" అన్నారు ఈమె. ఆ బాబుకు ఇప్పుడు 14 నెలలు. కూర్చోలేకపోతున్నాడు. "ఆ తల్లి ఫోన్ చేస్తే నేను ఎత్తడం లేదు. నేను ఈ పనికి పనికొస్తానా?" అన్నది ఆఖరి వాక్యం.

అమ్మా, ముందు అప్పు సంగతి. దానికి లెక్క ఉంది, మిగతావాటికి లేదు.

తొమ్మిది లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 18 వేలు. ఏడాదికి 2 లక్షల 16 వేలు పోతాయి, అసలు కదలదు. మీరు ఏ ఉద్యోగంలో చేరినా మొదటి నెలే బ్యాంకుకు వెళ్లండి. జీతం స్లిప్పున్న డాక్టరుకు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ ఇందులో సగం దగ్గర ఉంటుంది. ఊరి అప్పు ఒక్కసారి తీర్చేసి బ్యాంకు వాయిదాలు మీ పేరు మీద పెట్టుకోండి. పరిశోధన జీతంలోనూ ఇది సాగుతుంది, కాస్త బిగబట్టుకుని. నాయిన బాకీ తీరాలంటే మిర్యాలగూడ ఆస్పత్రి ఒక్కటే దారి అని మీరు రాశారు. ఒక విషయం గమనించండి: ఆస్పత్రి కట్టడమంటే పాత అప్పు తీర్చడం కంటే ముందు కొత్త అప్పు చేయడం. పసిపిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్లు, ఊపిరికి సాయపడే సీపాప్ మిషన్లు, వెంటిలేటర్, నర్సుల జీతాలు. బ్యాంకుకు ఆ స్లాబ్‌తో పాటు మీ సంతకం కూడా కావాలి.

ఇక తమ్ముడు.

ఆరు పేజీల్లో ఆయన పుట్టిన రోజు గురించి పేజీన్నర ఉంది. ఇప్పుడు 26 ఏళ్ల మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో, ఏం ఇష్టమో, ఎవరితో ముచ్చట పెడతాడో ఒక్క ముక్క లేదు. వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్, పింఛను ఉన్నాయో లేవో కూడా రాయలేదు. మీరు తలుపు సందు దగ్గరే నిలబడిపోయారేమో అనిపించింది నాకు. తప్పు పట్టడం లేదు, ఎనిమిదేళ్ల పిల్ల చూడకూడనిది చూసింది. కానీ మీ అమ్మ అడిగిన ప్రశ్న చాలా సరైనది. దానికి జవాబు మీకు తెలుసు: నడవడు. మీరు పరిశోధన చేసినా, ఆస్పత్రి పెట్టినా నడవడు. ఆ మాట అమ్మతో పైకి అనండి. అని, ఆ తర్వాత కూడా ఈ పని చేయాలనిపిస్తే, అప్పుడు అది మీ సొంత పని అవుతుంది. అప్పటిదాకా అది తమ్ముడి బాకీ. బాకీ తీర్చడానికి చేసే పరిశోధన మంచిది కాదు. ఎందుకో చెప్తాను, పాఠకులు కూడా వినాలి కాబట్టి కాస్త ముందు నుంచి.

కాన్పులో బిడ్డకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే మెదడు దెబ్బతింటుంది. ఇందులో చిత్రమేమిటంటే దెబ్బ ఒకేసారి పడి ఆగదు. మొదటి దెబ్బ తర్వాత కొన్ని గంటలు మెదడు తేరుకున్నట్టే ఉంటుంది. తర్వాత రెండో దెబ్బ మొదలవుతుంది, ఫిట్స్ వస్తాయి, మిగిలిన కణాలు కూడా చచ్చిపోతాయి. ఆ మధ్య గంటల్లో ఏదైనా చేయగలిగితే? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ప్రపంచంలో ఎంతోమంది జీవితాలు గడిపారు. వాళ్లు పట్టుకున్న దారి చల్లబరచడం. బిడ్డ పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి, ఒంటి వేడిని 33, 34 డిగ్రీల సెల్సియస్ మధ్య 72 గంటలు ఉంచడం. ధనిక దేశాల్లో 2005 నుంచి వచ్చిన పెద్ద పరిశోధనల్లో ఇది పనిచేసింది. చావులు తగ్గాయి, వైకల్యం తగ్గింది. అక్కడ అది మామూలు వైద్యమైపోయింది.

మన దగ్గర? భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు పెద్ద ఆస్పత్రుల్లో 408 మంది పసికందుల మీద హెలిక్స్ అనే పరిశోధన జరిగింది. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు వైద్యం మాత్రమే అందిన పిల్లల్లో 31 శాతం చనిపోతే, చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం చనిపోయారు. బతికినవాళ్లలో వైకల్యం లెక్క కలిపి చూసినా మేలు కనిపించలేదు. ఎందుకలా అన్నదాని మీద ఇంకా వాదనలున్నాయి. ఇక్కడి పిల్లల్లో దెబ్బ కాన్పు గంటల్లో ఒక్కసారిగా కాకుండా ముందు నుంచే మెల్లగా పడుతూ వస్తుందేమో అన్నది అందులో ఒకటి.

ఆ పరిశోధన చేసినవాళ్ల కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోండి. ఏళ్ల తరబడి పని, వందల తల్లుల సంతకాలు, చివరికి వచ్చిన జవాబు "కాదు, ఇక్కడ చేయొద్దు". వాళ్లు దాన్ని దాచలేదు, ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఆ 'కాదు' వల్ల మన దేశంలో ఎంతమంది పిల్లలు బతికి ఉంటారో ఎవరూ లెక్కపెట్టలేరు. బతికిన ఏ బిడ్డకూ ఆ సంగతి తెలియదు, ఏ తల్లీ వచ్చి దండం పెట్టదు. మీరు వెళ్లాలనుకుంటున్న దారిలో ఎక్కువ రోజులు ఇలాగే ఉంటాయి. తమ్ముడి బాకీ మోస్తున్న మనిషికి 'అవును' అన్న జవాబే కావాలి. 'కాదు' వచ్చిన రోజు ఆ మనిషి విరిగిపోతుంది, లేదా లెక్కలను కొద్దిగా వంచుతుంది. మీరు రెండోది చేస్తారని నేననడం లేదు. "అయితది" అన్న ఆ చిన్న మాట కూడా ఆ వంపే, అంతే అంటున్నాను.

నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కూడా పిల్లల డాక్టరునే, పాలమూరు జిల్లాలో సర్కారు ఆస్పత్రుల్లో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయాను. ఒకచోట పనిచేస్తున్నప్పుడు పుట్టగానే ఏడవని పిల్లల వివరాలన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. ఎప్పటికైనా వీళ్లంతా ఏమయ్యారో చూడాలని. ఎనిమిదేళ్ల తర్వాత తీరిక దొరికి తెరిచి చూస్తే ఏముంది? బేబీ ఆఫ్ లక్ష్మి, బేబీ ఆఫ్ లక్ష్మి, బేబీ ఆఫ్ బాలమణి, మళ్లీ బేబీ ఆఫ్ లక్ష్మి. ఫోన్లు లేని కాలం. ఊరి పేర్లున్న ఇళ్లకు వెళ్తే తాళాలు. బొంబాయి పోయిన్రు, పూనా పోయిన్రు అన్నారు పక్కింటోళ్లు. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఎందుకూ పనికిరాదు. పిల్లల మెదడు బాగుందో లేదో పుట్టినప్పుడు తెలియదు, ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఆ రెండేళ్లు కుటుంబాన్ని వదలకుండా పట్టుకోవడమే ఈ శాస్త్రంలో సగం పని. మిషన్లది మిగతా సగం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మిర్యాలగూడను చిన్నచూపు చూడకండి. ఉత్తరంలో కాస్త చూశారు. బిడ్డ ఏడవకపోతే మొదటి ఒక్క నిమిషంలో తుడిచి, తట్టి, అప్పటికీ ఊపిరి తీయకపోతే అంబు బ్యాగుతో గాలి కొట్టడం తెలిసిన చెయ్యి ఉంటే, మెదడు దెబ్బతినేదాకా కథ పోదు చాలాసార్లు. ఆ చెయ్యి పట్నంలో ఉంటే తండాలో పుట్టిన బిడ్డకు ఏం లాభం? మీ ఆయన మత్తు డాక్టరు, మీరు నవజాత శిశువుల డాక్టరు, ఇద్దరూ ఒకేచోట ఉంటే ఆ చుట్టుపక్కల కాన్పులకు అదే పెద్ద అండ. చుట్టూ ఉన్న నర్సింగ్‌హోముల సిస్టర్లకు నెలకోసారి ఆ మొదటి నిమిషం పని నేర్పినా చాలు. ఇక ధర కూడా చెప్పాలి. అప్పు పెరిగాక బెడ్లు నిండాలన్న ఒత్తిడి వస్తుంది, ఎంత మంచివాళ్లకైనా. రాత్రిళ్లు మీవి కావు. పరిశోధన "తర్వాత చేద్దాం" అవుతుంది, ఆ తర్వాత రాదు. నేను చూసినవాళ్లలో వెనక్కి వచ్చినవాళ్లు లేరు.

గురువు చెప్పిన ఉద్యోగంలో అసలు విద్య వస్తుంది. ప్రశ్నను ఎలా కట్టాలి, ఎంతమంది పిల్లలు కావాలి, లెక్క ఎక్కడ మోసం చేస్తుంది, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ముందు ఎలా నిలబడాలి. ఇది డీఎంలో వచ్చేది కొంతే. కానీ మూడేళ్ల కాంట్రాక్టులో రెండేళ్ల ఫాలోఅప్ ఉన్న పని ఎలా పూర్తవుతుంది? బిడ్డలను చేర్చుకోవడానికే ఏడాదిన్నర పడుతుంది. మీరు చేర్చుకున్న ఆఖరి బిడ్డకు రెండేళ్లు నిండేసరికి మీ కాంట్రాక్టు ఉండదు. ఈ ప్రశ్న గురువును సూటిగా అడగండి: నాలుగో ఏడు జీతం ఎవరిస్తారు, వ్యాసం మీద నా పేరు ఎక్కడుంటుంది, ఆ డేటా నేను వాడుకోవచ్చా. నోటిమాట కాదు, కాగితం మీద. గురువు మీద గౌరవం ఉన్నవాళ్లు ఇవి అడగరు. అడగకపోవడం గౌరవం కాదు, మొహమాటం.

మూడో దారి మీరు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు ఆశ్చర్యం. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండలో, సూర్యాపేటలో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మా కాలంలో ఇవేవీ లేవు, డాక్టరు చదువంటే హైదరాబాద్ బస్సు ఎక్కడమే. ఇప్పుడు మన జిల్లాల్లోనే అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరి, పసిపిల్లల వార్డులో నిలబడి పరిశోధన చేయొచ్చు. నా మొగ్గు ఇటే, దాచను. నష్టాలు కూడా దాచను. పాఠాలు, రౌండ్లు, రికార్డులతో రోజు అయిపోతుంది. మిషన్ ఉంటే నడిపేవాళ్లుండరు. బదిలీ భయం ఉంటుంది. తోటివాళ్లు "ఇవన్నీ ఎందుకు మేడమ్" అంటారు. మొదటి రెండేళ్లు ఒంటరిగా ఉంటుంది.

కానీ పెద్ద మిషన్ లేకుండా మొదలైన పనులున్నాయి. ఇంగ్లండ్‌లో రోచ్‌ఫోర్డ్ అనే ఊరి ఆస్పత్రిలో 1956లో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లలను ఎండ పూట బయటికి తీసుకెళ్లేది. కామెర్లతో, అదే మన దిక్కు పసిరికలతో ఉన్న ఒక బిడ్డ ఒంటి పసుపు తగ్గింది, దుప్పటి కొస కప్పిన చోట తప్ప. అది ఆమె కంట పడింది, డాక్టర్లకు చూపించింది. అదే ఆస్పత్రిలో కిటికీ దగ్గర ఎండలో మర్చిపోయిన రక్తం ట్యూబులో కూడా పసుపు తగ్గినట్టు తేలింది. 1958లో వాళ్లు దాన్ని అచ్చేశారు. ఈ రోజు నల్లగొండలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా బిడ్డను నీలి లైటు కింద పెడుతున్నామంటే మూలం అక్కడుంది. కామెర్లు ముదిరితే మెదడు ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. ఎన్ని మెదళ్లను కాపాడిందో ఆ దుప్పటి కొస!

ఇంకోటి మీకే బాగా తెలుసు. మూడు, నాలుగు నెలల బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని నిమిషాలు వీడియో తీస్తే, చేతులూ కాళ్లూ మెడా సన్నగా కదిలే తీరును బట్టి సెరిబ్రల్ పాల్సీ ముప్పు చాలావరకు చెప్పొచ్చు. చూసే కన్నుకు శిక్షణ కావాలి, కెమెరా మాత్రం ఆశా కార్యకర్త ఫోన్ చాలు. వలస కుటుంబాల్లో దీన్ని ఎలా చేయాలన్న ప్రశ్నకు జవాబు పెద్ద నగరాల్లో కూర్చున్నవాళ్లకు దొరకదు. వాళ్లకు తల్లి నంబరే తెలుసు. ఆ సిమ్ పూనాలో మారిపోతుంది. కూలీలను వలస తీసుకెళ్లే గుంపు మేస్త్రీ నంబరు కూడా రాసుకోవాలని పాలమూరు దిక్కు మనిషికే తడుతుంది. పీర్ల పండక్కి, దసరాకి వాళ్లు ఊళ్లకొస్తారు, ఫాలోఅప్ తేదీలు క్యాలెండర్ చూసి కాదు, పండగ చూసి వేయాలని కూడా.

ఈ దారులు ఒకదాని తర్వాత ఒకటి కూడా కావచ్చు. మూడేళ్లు గురువు దగ్గర విద్య నేర్చుకుని నల్లగొండకు రావొచ్చు. లేదా ముందు సర్కారు కాలేజీలో చేరి, అక్కడి నుంచే ఫెలోషిప్పులకు దరఖాస్తు పెట్టొచ్చు. వైద్యులకు పరిశోధన డబ్బులిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్ర సర్కారు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఉంది. మొదటిసారి రాకపోవచ్చు, చాలామందికి రాదు.

మీ ఆయన "నీ ఇష్టం" గురించి ఒక మాట. అది సమ్మతి కాదు, రేపు గొడవొస్తే "నేను ముందే నీ ఇష్టం అన్నా కదా" అనడానికి దాచుకున్న రసీదు. కూర్చోబెట్టి అడగండి: మీకేం కావాలి? ఆయనకూ ఆ స్లాబ్ కింద పని చేయాలని ఉందో లేదో ఎవరికి తెలుసు. తండ్రి మాట కాదనలేక మీ నిర్ణయం వెనక దాక్కుని ఉండొచ్చు. మామయ్యతో మాట్లాడాల్సింది మాత్రం ఆయనే, మీరు కాదు. కోడలు చెప్తే అది ఎదురుతిరగడం అవుతుంది, కొడుకు చెప్తే అభిప్రాయం అవుతుంది. అన్యాయమే, కానీ మిర్యాలగూడలో ఇవాళ్టికి అలాగే ఉంది.

ఇక పెన్ను మార్చి రాసిన ఆ నాలుగు లైన్లు.

మీరు పనికిరారని నేననుకోవడం లేదు. ఆ తల్లి అడిగింది వైద్యం గురించి, మీరు చెప్పాల్సింది పరిశోధన గురించి. ఆ రెండూ ఒకే గదిలో, ఒకే తెల్లకోటు నోట్లోంచి వస్తే ఆమెకు తేడా ఎలా తెలుస్తుంది? ఆ తేడా చెప్పడం మీ పని. రాత్రి డ్యూటీలో, ఫిట్స్ వస్తున్న బిడ్డ పక్కన, వణుకుతున్న తల్లి ముందు "అయితది" అని ఎంతమంది అనలేదు? నేనన్నాను, చాలాసార్లు. ఆ గదిలో సరైన మాట "తెల్వదమ్మా. మాక్కూడా తెల్వదు కాబట్టే చూస్తున్నం. నువ్వు వద్దన్నా వైద్యం ఆపం." ఈ మూడు ముక్కలు అనడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. ఇక ముందు మీ జూనియర్లకు సంతకం ఎలా తీసుకోవాలో కాదు, ఈ మాట ఎలా అనాలో నేర్పండి.

బాబుకు 14 నెలలన్నారు. ఆ పరిశోధన ప్రకారం 18 నెలలకు వాణ్ణి పిలవాలి, అప్పటికి మీరు ఎక్కడున్నా. అంతవరకు ఆగకండి కూడా, వాడికి ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలవ్వాలి. జిల్లా ఆస్పత్రిలో ఎదుగుదల లోపాలున్న పిల్లలను చూసే బాల భవిత కేంద్రం ఉందేమో కనుక్కుని, ఎవర్ని కలవాలో పేరుతో సహా ఆ తల్లికి చెప్పండి. ఫోన్ ఎత్తడం లేదన్నారు కదా, మీరే చేయండి. మొదట ఆమె తిట్టొచ్చు. తిట్టనివ్వండి. తర్వాత బాబు ఏం తింటున్నాడో, రాత్రి పడుకుంటున్నాడో లేదో అడగండి. ఆ నంబరు కలవకపోతే మేస్త్రీ నంబరు రాసుకున్నారా?